వేరు చేసి ఇచ్చిన చెత్త మళ్ళీ ఒకటే అయిపోతుంటే, ఎక్కడ సరిదిద్దాలి?

ప్రశ్న: సర్జాపుర రోడ్డు వాసి

అందరికీ నమస్కారం. బెంగళూరు కసవనహళ్ళిలో 36 ఫ్లాట్లున్న ఒక చిన్న అపార్ట్‌మెంటులో మా కుటుంబం పదకొండేళ్ళుగా ఉంటోంది. ఈ సంవత్సరం సంఘం కార్యదర్శి బాధ్యత నాకు అప్పగించారు. ఇన్నాళ్ళూ బాల్కనీలోంచి చూసి ఊరుకున్న ఒక విషయాన్ని ఇక పట్టించుకోక తప్పలేదు.

కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో 'రెండు డబ్బాలు, ఒక సంచి' పద్ధతిని నగరమంతటా పాటించాలని ఆదేశించినప్పటి నుండి మా ఇళ్ళలో తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలోకి, శానిటరీ చెత్త ఎర్ర డబ్బాలోకి, పొడి చెత్త సంచిలోకి వెళుతున్నాయి. ప్యాడ్లను, డైపర్లను పాత పేపరులో చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టడం మా పిల్లలకు కూడా అలవాటైపోయింది. కొత్తగా అద్దెకు వచ్చిన వాళ్ళకు నేర్పించడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది కానీ, చివరికి వాళ్ళూ దారిలోకి వస్తారు.

గత నెలలో ఒక గురువారం ఉదయం మా వీధికి వచ్చే ఆటో టిప్పర్ (ఇంటింటి చెత్త తీసుకెళ్ళే చిన్న బండి) వెనకాల నేను స్కూటర్ మీద వెళ్ళాను. మా గేటు దగ్గర విడివిడిగా తీసుకున్న తడి చెత్త, పొడి సంచులు నాలుగు వీధులు దాటేసరికి ఒకే గుట్టగా మారాయి. హెల్పరు సీసాలను, అట్టపెట్టెలను మాత్రం ఏరి పక్కకు కట్టుకుంది. మిగిలినదంతా చెరువు గట్టు దగ్గర నిలబడి ఉన్న కాంపాక్టరులోకి (చెత్తను నొక్కి నింపుకునే పెద్ద లారీలోకి) వెళ్ళిపోయింది. దాని అడుగు నుండి నల్లటి రసం ధారగా కారి, రోడ్డు పక్క మోరీలోకి పోతోంది. మా పక్కింటి పెద్దావిడ కడిగి, ఆరబెట్టి, మడిచి ఇచ్చే పాల ప్యాకెట్లు కూడా ఆ గుట్టలో ఎక్కడో ఉండి ఉంటాయి.

ఈ సంగతి సమావేశంలో చెబితే సగం మంది "అలాంటప్పుడు మేమెందుకు వేరు చేయాలి?" అన్నారు. వారికి జవాబు చెప్పలేకపోయాను. పైగా 2025 ఏప్రిల్ నుండి ఇంటి విస్తీర్ణాన్ని బట్టి నెలకు 10 రూపాయల నుండి 400 రూపాయల వరకు చెత్త రుసుమును ఆస్తి పన్నుతో కలిపి కడుతున్నాము. 

నా ప్రశ్నలు రెండు. ఈ గొలుసు ఎక్కడ తెగుతోంది? రోజుకు 100 కిలోల లోపు చెత్త వచ్చే మా వంటి చిన్న అపార్ట్‌మెంట్లు, చట్టం బలవంతం చేయకపోయినా, తడి చెత్తను తమ ఆవరణలోనే ఎరువుగా మార్చుకోవడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: విశ్రాంత ఇంజనీరు, జయనగర

మీరు స్కూటర్ మీద వెనకాల వెళ్ళి చూడటం మంచి పని. నేను దక్షిణాదిలోని ఒక నగర సంస్థలో మూడు దశాబ్దాలు పనిచేసి పదవీ విరమణ పొందాను. గొలుసు ఎక్కడ తెగుతుందో తెలియాలంటే డబ్బు ఎక్కడ చేతులు మారుతుందో చూడాలి.

చెత్త మోసే పనికి ఎక్కువ చోట్ల బిల్లు చెల్లించేది వే బ్రిడ్జి (లారీలను తూచే కాటా) మీద పడే తూకాన్ని బట్టి, లేదా బండి వేసే ట్రిప్పులను బట్టి. తూకానికి డబ్బు ఇస్తున్నప్పుడు, పొడి చెత్తను వేరు చేసి దారిలోనే దించేసిన కాంట్రాక్టరుకు ఆదాయం తగ్గుతుంది. వానలో తడిసిన చెత్తకు ఎండిన చెత్త కంటే ఎక్కువ డబ్బు వస్తుంది. మా కార్యాలయంలో జూలై, ఆగస్టు నెలల బిల్లులు ఎందుకు పెరుగుతున్నాయని ఒకసారి నేను ఫైలులో రాస్తే, వర్షాకాలంలో చెత్త ఎక్కువగా వస్తుందని జవాబు వచ్చింది. జనం వానాకాలంలో ఎక్కువేమీ తినరు. ఆ ఒప్పందంలో వేరు చేయడం గురించి ఒక నిబంధన ఉండనే ఉంది, కాని ఆ నిబంధనకు రూపాయి ముడిపడి లేదు. డబ్బు ముడిపడని నిబంధన కాగితం మీదే ఉండిపోతుంది.

ఇలా కలిసిపోయిన చెత్త ఎక్కడికి పోతుందన్నది రెండో సంగతి. బెంగళూరుకు దీనిలో చేదు అనుభవం ఉంది. నగర శివార్లలోని మావళ్ళిపుర చెత్త గుట్ట 2012లో మూతపడింది. ఆ భారంలో ఎక్కువ భాగం మండూరు అనే ఊరి మీద పడింది. అక్కడి ప్రజలు రోడ్డెక్కి పోరాడితే 2014 డిసెంబరు నుండి అక్కడికి లారీలు వెళ్ళడం ఆగింది. ఆ తరువాత నగరం ఉత్తర దిక్కున ఖాళీ అయిన రాతి క్వారీలను వెతుక్కుంది. ఒక ఊరివాళ్ళు తిరగబడితే ఇంకో ఊరు, ఒక గుంత నిండితే ఇంకో గుంత. నగరం తన సమస్యను తీర్చుకోలేదు, దాన్ని ఊరి పొలిమేరల చుట్టూ తిప్పుతూ వచ్చింది.

కలిసిన చెత్తను కాల్చి విద్యుత్తు చేద్దామని కొందరు అంటారు. బెంగళూరు దగ్గరి బిడదిలో 11.5 మెగావాట్ల ప్లాంటు కట్టింది కూడా ఆ ఆలోచనతోనే. కాని మన ఇళ్ళ చెత్తలో సగానికి పైగా తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కొబ్బరి బొండాలు కలిసిన చెత్తను మండిస్తే దానిలోని నీటిని ఆవిరి చేయడానికే చాలా వేడి ఖర్చవుతుంది. కిలోకు 1500 కిలో క్యాలరీలు లేదా అంతకు మించి ఉష్ణశక్తి ఉండి, తిరిగి వాడుకోవడానికి పనికిరాని చెత్తను గుంతలో పూడ్చకూడదని, దాని నుండి శక్తిని రాబట్టుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. అంటే కాల్చాలన్నా ముందు తడిని వేరు చేయక తప్పదు. యంత్రం ఏదైనా సరే, మీ అపార్ట్‌మెంటులోని ఆకుపచ్చ డబ్బాను అది తప్పించలేదు.

అందుచేత మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. శుభ్రంగా, వేరుగా చేరిన చెత్తకు ఎక్కువ చెల్లించి, కలిపి తెచ్చిన చెత్తకు కోత పెట్టే ఒప్పందాలు రావాలి. తడి చెత్త వీలైనంత వరకు వార్డు దాటకూడదు. గుంతకు చేరిన ప్రతి టన్నును నగరం తన ఓటమిగా లెక్క వేసుకోవాలి. ఇప్పుడు దాన్ని పూర్తయిన పనిగా లెక్క వేస్తున్నారు.

జవాబు 2: కోలారు ఆడపడుచు

ప్రశ్న అడిగిన వారికి, ఇంజనీరు గారికి నమస్కారం. ఆ ఆటోలో ఉన్నది మా అమ్మ వంటి మనిషి కనుక నేను ఈ విషయాన్ని వేరే వైపు నుండి చెప్పాలి.

మాది కోలారు జిల్లాలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న పల్లె, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఈ నగరంలో చీపురు పట్టిన వాళ్ళలో, చెత్త బండి ఎక్కిన వాళ్ళలో మనలాగే తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మా అమ్మ పధ్నాలుగేళ్ళు ఆటో టిప్పర్ మీద హెల్పరుగా పనిచేసింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేది, ఆరింటికి హాజరు వేయించుకునేది. హాజరుకు పది నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు కూలి లేనట్టే.

అమ్మ బండికి వెనకాల ఒకటే తొట్టి ఉండేది, మధ్యలో అడ్డం లేదు. శానిటరీ చెత్త కోసం పక్కన ఒక ప్లాస్టిక్ డ్రమ్ము తాడుతో కట్టుకున్నారు, అది కూడా డ్రైవరన్న తన డబ్బుతో కొన్నదే. వాళ్ళకు అప్పగించినవి దాదాపు ఎనిమిది వందల ఇళ్ళు, పదకొండింటికల్లా కాంపాక్టరు దగ్గర ఉండాలి. ఒక ఇంటి ముందు నిలబడి, "అమ్మా, ఇది వేరుగా ఇవ్వండి" అని చెప్పే సమయం ఎంత ఉంటుందో మీరే లెక్క వేయండి. మీవంటి వాళ్ళు వేరుగా ఇచ్చినా, ఆ తరువాతి వీధిలో ముడి వేసిన నల్ల కవరు విసిరేసే ఇళ్ళు పది ఉంటాయి. ఆ కవర్లను చేత్తో విప్పి వేరు చేయాలి. ఒకసారి అలాంటి కవరులో పగిలిన ట్యూబులైటు ముక్క అమ్మ అరచేతిలో బొటనవేలి కింద దిగింది. గ్లవుసులు ఆ నెలలో ఇవ్వలేదు. ఆ కాంట్రాక్టరు ఆసుపత్రి ఖర్చు ఇవ్వకపోగా, పనికి రాని నాలుగు రోజుల కూలి కోశాడు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చలికాలంలో ఆ వేలు సరిగ్గా ముడుచుకోదు.

మీరు చూసిన హెల్పరు సీసాలు, అట్టపెట్టెలు ఏరుకున్నారని రాశారు. దయచేసి దాన్ని తప్పుగా చూడకండి. గుజరీ అంగడిలో (పాత సామాను కొనే దుకాణంలో) వాటిని అమ్మితే రోజుకు వచ్చే కొద్దిపాటి డబ్బే మాకు కూరగాయల ఖర్చు. గమనిస్తే, ఆ బండి మీద నిజంగా వేరు అవుతున్న చెత్త అదొక్కటే. ఎందుకంటే దానికి వెల ఉంది, ఆ వెల నేరుగా ఆవిడ చేతికి వస్తోంది. ఇంజనీరు గారు కాంట్రాక్టరు గురించి చెప్పిన మాటే హెల్పరుకూ వర్తిస్తుంది.

ఇంకొక విషయం చాలా మందికి తెలియదు. వీధులు ఊడ్చే పౌరకార్మికులకు 2018 నుండి కాంట్రాక్టరు మధ్యలో లేకుండా నేరుగా జీతాలు వచ్చాయి. 2025 మే 1న పన్నెండు వేల మందికి పైగా ఉద్యోగ నియామక పత్రాలు అందాయి. ఎన్నో ఏళ్ళ పోరాటంతో వచ్చిన గెలుపు అది, మా ఇళ్ళలో పండుగ చేసుకున్నాము. కాని ఆటో డ్రైవర్లను, హెల్పర్లను, లోడర్లను ఆ మార్పు బయటే ఉంచింది. చెత్త కలిసేదీ, విడిగా ఉండేదీ ఎవరి చేతుల్లో ఉందో ఆ మనుషులే కాంట్రాక్టు కింద ఉండిపోయారు. రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషిని నగర సంస్కరణ అంతా తన చేతుల మీద మోయమంటే ఎలా?

మీ సంఘం ఒక్క పని చేయగలదు. ఆ బండి మీద వచ్చే ఇద్దరి పేర్లు తెలుసుకోండి, మంచినీళ్ళు ఇవ్వండి, చేతులు కడుక్కోవడానికి గేటు దగ్గర కుళాయి చూపించండి. పొడి చెత్తను వారానికి రెండు రోజులు మాత్రమే, బండి ఖాళీగా ఉన్నప్పుడు ఇస్తామని వాళ్ళతోనే కూర్చుని మాట్లాడుకోండి. ఏ రోజు, ఏ గంట అన్నది వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

జవాబు 3: మట్టివాసన, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్

నేను రెండో ప్రశ్నకు మాత్రమే జవాబిస్తాను, ఎందుకంటే మొదటిదానికి పై ఇద్దరూ చెప్పినదానికంటే బాగా నేను చెప్పలేను. సాధ్యమేనండీ. మా 48 ఇళ్ళ అపార్ట్‌మెంటులో ఆరేళ్ళుగా చేస్తున్నాము.

36 ఇళ్ళంటే మీకు రోజుకు సుమారు 30 కిలోల తడి చెత్త వస్తుంది. దీనికి కరెంటుతో నడిచే యంత్రం కొనవద్దు. మేము మొదట అటువంటి యంత్రం ఒకటి కొన్నాము. రాత్రంతా తిప్పి, వేడి చేసి, మర్నాడు పొద్దున్నే గోధుమరంగు పొడి ఇచ్చేది. అది ఎరువు అనుకుని మొక్కలకు వేస్తే తడి తగలగానే మళ్ళీ కుళ్ళి వాసన కొట్టింది. ఎండబెట్టిన చెత్త వేరు, మగ్గిన ఎరువు వేరు. సూక్ష్మజీవులు తమ పని చేయడానికి వారాలు పడుతుంది, దానికి అడ్డదారి లేదు.

ఇప్పుడు మా దగ్గర ఇనుప జాలీతో చేసిన, నాలుగు వైపులా గాలి ఆడే గూళ్ళు ఎనిమిది ఉన్నాయి. ఒక పొర తడి చెత్త, దాని మీద అంతే పరిమాణంలో ఎండుటాకులు, పైన కాస్త పుల్లటి మజ్జిగ కలిపిన నీళ్ళు లేదా పాత ఎరువు పిడికెడు. వంటింటి చెత్తలో నత్రజని ఎక్కువ, ఎండుటాకులో కార్బన్ ఎక్కువ. నత్రజని ఒక పాలుకు కార్బన్ 25 నుండి 30 పాళ్ళు ఉంటే సూక్ష్మజీవులు చక్కగా పనిచేస్తాయి. పాళ్ళు కుదిరితే నాలుగైదు రోజుల్లో గుట్ట లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో పొద్దున్నే గడ్డపారతో కదిపితే గుప్పున ఆవిరి లేస్తుంది. మా పిల్లలు ఆ ఆవిరిలో చేతులు కాచుకోవడానికి పోటీ పడతారు.

మీరు పడబోయే కష్టం కూడా చెబుతాను. మా మొదటి వానాకాలంలో ఆకులు అయిపోయాయి, తడి చెత్త మాత్రం రోజూ వచ్చింది. గుట్ట ముద్దయి, గాలి లోపలికి వెళ్ళక, కుళ్ళిన కోడిగుడ్డు వాసన మొదటి అంతస్తు దాకా వచ్చింది. తెల్లటి పురుగులు జాలీ దాటి పార్కింగులోకి పాకాయి. ఒకాయన తన కారు టైరు మీద పురుగును ఫోటో తీసి సంఘం గ్రూపులో పెట్టారు, ఆ రాత్రి గూళ్ళు తీసేయాలని పదిహేడు సందేశాలు వచ్చాయి. ఆ పురుగులు కుట్టవు, పైగా చెత్తను త్వరగా తినేస్తాయి. కాని ఆ మాట ఆ రాత్రి చెప్పి ప్రయోజనం లేదు. మర్నాడు రంపపు పొట్టు రెండు బస్తాలు తెచ్చి కలిపితే మూడో రోజుకు వాసన పోయింది. అందుకే మాఘ ఫాల్గుణాల్లో కానుగ చెట్లు ఆకు రాల్చేటప్పుడే ఏడాదికి సరిపడా బస్తాలు నింపి మెట్ల కింద దాచుకోండి. ఊడ్చేవాళ్ళు తగలబెట్టే ఆ ఆకుల గుట్టలే మీ వానాకాలపు ధాన్యం అనుకోండి.

సుమారు 45 నుండి 60 రోజుల్లో ఎరువు తయారవుతుంది. బరువు దాదాపు ఐదో వంతుకు దిగుతుంది. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు, ఎముకలు మాత్రం త్వరగా మగ్గవు, వాటిని వేరుగా పెట్టండి. మొదలుపెట్టే ముందు మా లేఅవుట్‌లోని స్వచ్ఛాగ్రహ కలికా కేంద్రానికి ఒక్కసారి మీ సంఘం వాళ్ళను తీసుకురండి. రకరకాల గూళ్ళు పక్కపక్కన పెట్టి ఉన్న చోటు అది. పది సమావేశాలు పెట్టినా మారని వాళ్ళు, చేతిలోకి ఎరువు తీసుకుని వాసన చూస్తే మారడం నేను చూశాను.

జవాబు 4: బాగలూరు రైతుబిడ్డ

అయ్యా, మా ఊరు మీ చెత్త లారీలు వచ్చే వైపు ఉంది. మా తాత కాలంలో రాయి కొట్టిన క్వారీల్లోకి వాననీరు చేరితే ఆ నీటితో పశువులను కడిగేవాళ్ళం. ఆ గుంతల్లో చెత్త నింపడం మొదలైన తరువాత మా పొలంలోని బోరు నీళ్ళకు మొదట వాసన, తరువాత టీ డికాక్షన్ రంగు వచ్చాయి. ద్రాక్ష తోట తీసేశాము. పెళ్ళి సంబంధానికి వచ్చిన వాళ్ళు ఇంట్లో అన్నం మీద ఈగలు చూసి, చేయి కడుక్కుని లేచి వెళ్ళిపోయారు. ఇది మా ఒక్కరి ఇంట్లో జరిగినది కాదు.

"మేమెందుకు వేరు చేయాలి" అని మీ సమావేశంలో అడిగిన వారికి నా మాటగా ఇది చెప్పండి. కలిసిన చెత్తలోని తడి, గాలి తగలకుండా పూడుకుపోయి కుళ్ళినప్పుడు ఆ నల్లటి రసం పుడుతుంది. మీ 36 ఇళ్ళ తడి చెత్త లారీ ఎక్కకపోతే రోజుకు 30 కిలోలు మా ఊరికి రానట్టే. తక్కువేమీ కాదు, ఏడాదికి దాదాపు 11 టన్నులు.

మీ ఎరువు మిగిలితే పారేయకండి. జల్లించి, గాజు ముక్కలు లేకుండా ఉంటే మేము కొనుక్కుంటాము. కలిసిన చెత్త నుండి తీసిన ఎరువు ఒకసారి తెచ్చి చల్లాము. దుక్కిలో బ్లేడు ముక్కలు, షాంపూ పొట్లాలు తేలాయి. అప్పటి నుండి నగరం ఎరువంటే మా వాళ్ళు నమ్మడం లేదు.

ప్రశ్న అడిగినవారు: సర్జాపుర రోడ్డు వాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. బాగలూరు నుండి రాసిన వారి జవాబును నేను ఆదివారం సమావేశంలో యథాతథంగా చదివి వినిపించాను. చదువుతుండగా ఎవరూ మాట్లాడలేదు. తరువాత 36 ఇళ్ళలో 29 ఇళ్ళు గూళ్ళు పెట్టడానికి ఒప్పుకున్నాయి. మిగిలిన ఏడు ఇళ్ళవారు పురుగుల గురించి, వాసన గురించి అడిగారు. వారిని వచ్చే శనివారం హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌కు తీసుకువెళ్ళబోతున్నాము.

కోలారు ఆడపడుచు గారూ, మీరు చెప్పినట్టే ఆటో మీద వచ్చే ఇద్దరితో మాట్లాడాను. హెల్పరుగా వచ్చే ఆవిడది మదనపల్లె దగ్గరి పల్లెటూరట. పదకొండేళ్ళుగా మా వీధికి వస్తున్నారు, ఆవిడ తెలుగు మాట్లాడతారని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. మంగళ, శనివారాలలో మా వీధిని చివర్లో కాక మొదట పెట్టుకుంటే తొట్టి ఖాళీగా ఉంటుందని, పొడి సంచులను నేరుగా పొడి చెత్త సేకరణ కేంద్రంలో దించవచ్చని ఆవిడే చెప్పారు. మేము తడి చెత్త ఇవ్వడం మానేస్తే తమ బండి మిగతా వీధులకు త్వరగా చేరుతుందని డ్రైవరు గారు అన్నారు. గేటు పక్కన కుళాయి, సబ్బు నిన్ననే పెట్టించాము.

ఇంజనీరు గారూ, ఒప్పందాల విషయంలో మాది చాలా చిన్న గొంతు. అయినా మా చుట్టుపక్కల ఆరు అపార్ట్‌మెంట్ల సంఘాలు కలిసి, తూకానికి కాక వేరుగా చేరిన చెత్తకు చెల్లించాలని, హెల్పర్లకు, డ్రైవర్లకు నేరుగా జీతం ఇవ్వాలని రాతపూర్వకంగా అడగాలనుకుంటున్నాము. ముసాయిదా రాశాక ఇక్కడే పెడతాను, దయచేసి దిద్దిపెట్టండి.

మట్టివాసన గారికి ఒక ప్రశ్న మిగిలింది. ఆకులు రాలే కాలం ఈ ఏటికి దాటిపోయింది, జూన్ వానలకు ఇంకా ఐదు వారాలే ఉన్నాయి. ఈ మొదటి వానాకాలానికి ఎండుటాకుల బదులు కొబ్బరి పీచు పొట్టు సరిపోతుందా, లేక రంపపు పొట్టునే తెప్పించుకోవాలా? పొట్టు అయితే రోజుకు 30 కిలోల చెత్తకు ఎన్ని బస్తాలు పడుతుంది?